ఫణచ్ఛత్రము

ఆచమనమునకు వాడు ఉద్ధరిణిని ఒకమాఱు త్రిప్పి చూచినచో, పలుమాఱు దాని పిడి కొనయందు చిన్న పడగ కనబడును. చెంచాకు పాముపడగ ఏల? ఈ ప్రశ్న వెంబడి పోయినచో వింతయైన సంగతి యొకటి తెలియును. సుశ్రుతసంహిత కల్పస్థానమున విషసర్పములను విభజించుచు పడగ గల పాములకు ‘దర్వీకరములు’ అని పేరిడినది. దర్వి యనగా గరిటె. విప్పారిన మెడ గరిటెవలె నుండునని ఆ పేరు. వైద్యుడు పామునందు గరిటెను చూచెను. కంచరి గరిటెయందు పామును చూచెను. ఒకరి చూపు ఒకరికి తెలిసియుండ నక్కఱలేదు. ఆకృతియే ఆ యిరువురను కలిపినది.

సుశ్రుతుడు చెప్పిన విషసర్పములలో ముఖ్యమైనవి మూడు తెఱగులు. పడగ గలవి దర్వీకరములు, ఒడలిపై గుండ్రని మచ్చలు గలవి మండలులు, చారలు గలవి రాజిమంతములు. నేడు మనము నాగుపాము, రక్తపింజరి, కట్లపాము అని పిలుచు వానితో పండితులు వీనిని సమన్వయింతురు. దర్వీకరములపై కనబడు గుర్తులను చెప్పుచు ఆ గ్రంథము చక్రమును, నాగలిని, గొడుగును, స్వస్తికమును, అంకుశమును పేర్కొనినది. విషచికిత్సను బోధించుచోట గొడుగు అను మాట వచ్చుట గమనింపదగినది. ప్రాణము తీయగల జంతువు మెడమీదనే నీడనిచ్చు వస్తువును ప్రాచీనులు గుర్తించిరి.

తెలుగున ‘పడగ’ యను మాటకు ధ్వజమను అర్థము గూడ గలదు. ‘కోటికి పడగెత్తినవాడు’ అను పలుకుబడిలో నున్నది పాము కాదు, జెండాయే. కోటి కూడబెట్టిన వర్తకుడు ఇంటిపై ధ్వజమెత్తు ఆచారమునుండి అది పుట్టినదందురు. పదునాఱవ శతాబ్దమున మన తీరములకు వచ్చిన పోర్చుగీసువారు ఈ పామును ‘కోబ్రా ద కపేలో’ అనిరి. ముసుగు గల పాము అని దాని యర్థము. వారి భాషలో కోబ్రా యనగా వట్టి పాము. తరువాత ఇంగ్లీషువారు ముసుగును వదలి పామును మాత్రము గ్రహించి, ‘కోబ్రా’ యను మాటను నాగుపామునకు స్థిరపఱచిరి. ఆ విధముగ అసలు విశేషమే పేరునుండి జారిపోయినది!

పడగను చాలమంది పాము తలయని తలతురు. అది తల కాదు, మెడ. నాగుపాము మెడయందలి ప్రక్కటెముకలు తక్కిన ఒడలియందలి వానికంటె పొడవైనవి. పాము నిశ్చింతగా పోవునప్పుడు అవి వెనుకకు ఒదిగియుండును. అప్పుడు దాని మెడ ఇతర సర్పముల మెడవలెనే సన్నముగ కనబడును. కలత కలిగినప్పుడు కండరములు ఆ యెముకలను ముందునకును ప్రక్కలకును లేపును, చర్మము బిగియును, పొలుసులు ఎడమై వెనుకవైపున కండ్లజోడు వంటి గుర్తు తేటపడును. 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో శాస్త్రజ్ఞులు కండరములయందలి విద్యుత్ప్రేరణలను కొలిచి, ఈ పని చేయునవి యేవో నిర్ణయించిరి. ఆ కండరములు పడగలేని పాములకు గూడ నున్నవేయని తేలినది. ప్రకృతి నాగునకు క్రొత్త అవయవము నొసగలేదు. ఉన్న యెముకలను సాగదీసి, ఉన్న కండరములకు క్రొత్త పని నేర్పినది. గొడుగును విప్పి మూయువారికి, రిక్షా పైకప్పును లేపి మడచువారికి ఈ యుపాయము క్రొత్తది కాదు: కొన్ని ఊచలు, వానిపై బిగిసిన గుడ్డ, కావలసినప్పుడు విప్పుట, అక్కఱ తీరినప్పుడు మడచుట.

ఇంతకును పడగ దేనికి? కఱచుటకు అది పనికిరాదు. కోఱలు నోటియందున్నవి, విషగ్రంథులు కండ్ల వెనుక నున్నవి. పడగయందు ఆయుధమేదియు లేదు. పైగా పడగవిప్పి, ఒడలిలో ఇంచుమించు మూడవవంతు నిలువుగ నెత్తిన పాము పరుగిడజాలదు. దాగవలసిన ప్రాణి తన్ను తాను పెద్దదిగ చేసికొని ఎదుటివాని కంటబడుచున్నది. విషము దానికి ఆహారమును సంపాదించు సాధనము. ఎలుకకై, కప్పకై దాచుకొనినది. మనుష్యుడు దానికి ఆహారము కాడు. అతనిపై విషమును వ్యయము చేయుటకంటె అతడు తొలగిపోవుటయే దానికి లాభము. కనుక ముందు హెచ్చరించును. ఈ హెచ్చరిక యెంత ఫలవంతమైనదనగా, విషమేలేని నీరుకట్టె గూడ బెదరినప్పుడు మెడను చదును చేసి నాగువలె నటించును.

శ్రీరామకృష్ణులు చెప్పెడి బ్రహ్మచారి, పాము కథ ఇచట స్మరణకు వచ్చును. పొలమున అందఱిని భయపెట్టుచున్న పామునకు ఒక బ్రహ్మచారి మంత్రోపదేశము చేసి హింసను మానుమనెను. పాము మానెను. అది తెలిసికొనిన పసులకాపరి పిల్లలు దానిని తోకపట్టి గిరగిర త్రిప్పి నేలపై కొట్టిరి. కొంతకాలమునకు మరల వచ్చిన గురువు, కలుగులో ఆకులలములు తిని చిక్కి శల్యమైన శిష్యుని చూచి జాలిపడి, తాను నిషేధించినది కాటునే గాని బుసను కాదని తెలిపెను. ఈ కథను వినువారు గృహస్థుడు లోకమున మెలగవలసిన తీరును దానినుండి గ్రహింతురు. నాగుపాము స్వభావము నెఱిగినవారికి మఱియొక సంగతి గూడ తోచును. ఆ బోధ దానికి పుట్టుకతోనే లభించినది. పడగ యనునది కంటికి కనబడు బుస.

ఐనను నాగుపామును సాధుజంతువుగ తలచుట ప్రాణాంతకము. 2020లో వెలువడిన యొక అధ్యయనము ప్రకారము 2000 మొదలు 2019 వఱకు భారతదేశమున పాముకాటువలన మరణించినవారు ఇంచుమించు 12 లక్షలు. అనగా ఏటేట సగటున 58 వేలమంది. వారిలో అధికులు గ్రామవాసులు. మరణములలో దాదాపు సగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల వానకాలమున సంభవించుచున్నవి. కలుగులలో నీరు నిండగా పాములు గట్టునకు వచ్చును. అదే సమయమున రైతులు చేలలో నుందురు. ఈ మరణములన్నియు నాగువలన గలిగినవి కావు. రక్తపింజరి గట్టిగ బుసకొట్టును గాని ఎండుటాకులలో కలిసిపోయి కంటబడదు. కట్లపాము రాత్రివేళ నేలపై నిదురించువారిని చప్పుడులేక కఱచును. కాటు తెలియకయే తెల్లవారుటయు గలదు. ఆ రెండింటికి పడగ లేదు. పడగ గలది ముందుగ చెప్పును, వినవలసినవాడు వినినచో. కాటు పడినప్పుడు కత్తితో కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట అన్నియు చెఱుపు చేయునవే. కాటుపడిన అవయవమును కదలనీయక, విఱుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చుటయే చేయదగినది. మంత్రమునకై వేచియున్న గడియలో ఎన్ని ప్రాణములు పోయినవో లెక్కింపనలవి కాదు.

జంతువునందు హెచ్చరికయైన ఈ ఆకృతి వృక్షజాతియందు కప్పుగ మాఱినది. శివపూజకు కోయు తుమ్మిపూవును చేతిలోనికి తీసికొని చూచినచో ఇది తెలియును. దాని పై పెదవి వంగి, తెల్లని నూగుతో నిండి, లోపలి కేసరములను కప్పియుండును. క్రింది పెదవి వెడల్పుగ చాపబడి, తేనెకై వచ్చు కీటకమునకు అరుగైనది. అరుగుపై వ్రాలిన అతిథి తలవంచి లోనికి పోవునప్పుడు పైకప్పునందలి పుప్పొడి దాని వీపునకు అంటును. నీరు తగిలినచో చాల పూవుల పుప్పొడి ఉబ్బి పగిలిపోవును; కనుక వానకాలమున పూయు పూవునకు ఈ చిన్న కప్పు సంతానరక్షణమే. హిమాలయములందలి వత్సనాభికి పైనుండు రక్షకపత్రము నిండు ముసుగువలె నుండి, తేనె నిండిన రెండు రేకులను దాచును. ఐరోపావారు దానికి క్రైస్తవ సన్న్యాసుల తలముసుగు పేరిడిరి. దాని దుంప ఘోరవిషము. శోధించినపిదపనే వైద్యులు మందుగ వాడుదురు.

కంద, చేమల కుటుంబమునకు చెందిన మొక్కజాతి యొకటి హిమాలయములందును సహ్యాద్రులందును పెరుగును. దాని పూగుత్తిని కప్పు ఆకు అచ్చముగ లేచిన పడగయే. ఆ పడగ క్రింద జరుగు కథ మాత్రము కఠినమైనది. చిన్న ఈగలు వాసనకు ఆకర్షింపబడి లోనికి దిగును. మగపూల గుత్తికి అడుగున చిన్న సందు గలదు. ఈగ పుప్పొడిని పూసికొని దానిద్వారా బయటపడును. ఆడుపూల గుత్తికి ఆ సందు లేదు. ఈగ పుప్పొడిని అందించి లోపలనే మరణించును. వానను ఆపు కప్పు, అతిథికి చెఱసాల. నీడయనిన మాత్రమున దాని స్వభావము నెఱుగక చేరరాదని పెద్దలు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. తెలుగువారు ‘పాముపడగ నీడ’ యను మాటను అపాయకరమైన ఆశ్రయమునకే వాడుదురు.

నాగలింగ పుష్పము ఈ వరుసలో ప్రత్యేకమైనది. చెట్టు కొమ్మల చివర గాక మ్రానునుండియే వ్రేలాడు పూగుత్తులు, ఆఱు దళసరి రేకులు, మధ్య గుండ్రని పీఠము, దానిపై వంగి నీడపట్టినట్లున్న కేసరముల పడగ. చూచినవారెవరైనను శివలింగమును, నాగమును తలపక మానరు. శైవాలయ ప్రాంగణములలో ఈ చెట్టును భక్తితో పెంచుదురు. కాని ఇది మన పురాణకాలపు వృక్షము కాదు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా ఉష్ణమండలము. 1775లో ఆబ్లే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెంచి గయానా వృక్షములను వర్ణించు గ్రంథమున దీనికి శాస్త్రీయనామ మొసగెను. సముద్రములు దాటి వచ్చిన ఈ పూవును మనవారు క్రొత్తదిగ చూడలేదు. అంతకుముందే మనస్సున నిలిచియున్న రూపమును దానియందు గుర్తించిరి. పూవునకు ఆ యమరిక వేఱొక ప్రయోజనమునకై యేర్పడినది. పడగయందలి కేసరముల పుప్పొడి మొలకెత్తదు, అది తుమ్మెదలకు ఆహారము. పీఠము చుట్టునున్న కేసరముల పుప్పొడియే సంతానమునకు. పైన భోజనము చేయుచున్న తుమ్మెద వీపునకు క్రిందనున్న సారవంతమైన పొడి అంటును. దక్షిణ అమెరికా యడవిలో అన్నదానముగ నున్నది, మన గుడిలో ఛత్రసేవయైనది.

మానవనిర్మితములలో పడగ ఆకృతి లెక్కలేనన్ని చోట్ల గలదు. గూడుబండి పైకప్పు, కిటికీమీది చూరు, పొగను పైకి లాగు పొయ్యిమీది గొట్టపు నోరు అన్నియు దానికి దూరపు చుట్టములు. రైలుమార్గమునందలి దీపస్తంభములకు ప్రతి దీపముపైని చిన్న రేకుపడగ అమర్తురు. సూర్యకిరణములు అద్దమున పడి, వెలుగని దీపము వెలిగినట్లు భ్రమ కలిగింపకుండుటకై ఆ యేర్పాటు. ఆ రేకు లేనినాడు ఎండయే అబద్ధము చెప్పును.

ఇక దేవాలయములలోనికి పోవుదము. అచట శిల్పులు పడగను ఒకటి నుండి అయిదు, ఏడు, తొమ్మిది, వేయి వఱకు పెంచిరి. అనంతపురపు సీమలోని లేపాక్షి వీరభద్రాలయము విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ పూనికతో వెలసినది. ఆలయము వెనుకవైపున, ఆరుబయట, ఒకే బండనుండి మలచిన నాగము మూడు చుట్టలు చుట్టుకొని, ఏడు పడగలను విప్పి, నల్లని లింగమునకు గొడుగు పట్టుచున్నది. వంట ముగియువఱకు ఖాళీగ కూర్చుండలేక శిల్పులు దానిని చెక్కిరని స్థానికులు చెప్పుకొందురు. అంతటి శిల్పము పూటభోజనపు వ్యవధిలో పూర్తియగుట నమ్మదగినది కాకపోయినను, ఆ కథ శిల్పుల చేతివాటమునకు ప్రజలొసగిన కితాబు.

ఆ శిల్పమున గమనింపదగిన దొకటి గలదు. నాగము ముఖము చూపరివైపు నున్నది. జీవించియున్న పాము అట్లు ఎదుటివానివైపు తిరిగి లేచినచో దాని యర్థము ఆగుమనియే. కాని అదే పడగ క్రిందనున్న లింగమునకు అది నీడ. పడగ ఒకటియే, ఎదుట నిలిచినవాని కొకటి, క్రింద నున్నవాని కొకటి. మన శిల్పములన్నియు, కథలన్నియు ఈ స్థానభేదముపైననే నిలిచియున్నవి.

ఎదుట నిలిచినవాని కథ అమరావతి ఫలకములలో గలదు. బుద్ధుని ధాతువులపై వెలసిన తొలి స్తూపములను తెఱపించి, అశోకుడు ఆ ధాతువులను దేశమంతట పంచెనని బౌద్ధగాథ. రామగ్రామస్తూపము కడ మాత్రము నాగులు అడ్డుపడగా చక్రవర్తి వెనుదిరిగెను. స్తూపమును పెనవేసికొని పడగలెత్తియున్న నాగులను కృష్ణాతీరపు శిల్పులు సున్నపుఱాతిపై చెక్కిరి. కళింగమును గెలిచినవానిని ఆపినది సేన కాదు, పడగ.

క్రింద నున్నవారి కథలు మూడు, మూడు సంప్రదాయములలో గలవు. భాగవత దశమస్కంధమున వసుదేవుడు శిశువును మోసికొని యమునకు పోవునప్పుడు వాన కురియుచుండగా శేషుడు వెనువెంట వచ్చి పడగలతో నీటిని వారించెను. బోధివృక్షప్రాంతమున ధ్యానమగ్నుడైన బుద్ధునిపై అకాలవర్షము కురియగా ముచలిందుడను నాగరాజు ఏడు దినములు తన పడగను కప్పెను. ఇరువదిమూడవ తీర్థంకరుడగు పార్శ్వనాథునిపై శత్రువు కురిపించిన వానను ధరణేంద్రుడు తన ఫణములతో ఆపెను. బాదామి కొండలో మూడవ గుహయందు అనంతుని చుట్టలపై కూర్చుండిన విష్ణువును (ఆ గుహయందలి శాసనము 578వ సంవత్సరమునాటిది), నాలుగవ గుహయందు పార్శ్వనాథుని, కొన్ని అడుగుల దూరములో ఒకే పడగల క్రింద చూడవచ్చును. మూడు కథలలోను వచ్చినది వానయే. తుమ్మిపూవు కప్పు ఆపునది గూడ వానయే. మనదేశమున పాము కలుగు వీడి మనుష్యుని దారిలోనికి వచ్చునదియు ఆ వానలోనే. ఏ ఋతువున ఈ దేశపు జనులు పడగకు మిక్కిలి భయపడిరో, ఆ ఋతువుననే దానిని గొడుగుగ భావించిరి.

శృంగేరి కథలో వానకు బదులు ఎండ గలదు. తుంగాతీరమున ప్రసవవేదన పడుచున్న కప్పకు నాగుపాము పడగతో నీడ పట్టుట చూచి, సహజవైరము లేని ఆ చోటునే శంకరభగవత్పాదులు పీఠస్థాపనకు ఎన్నుకొనిరని ఐతిహ్యము. ఆ ఘట్టమును స్మరింపజేయు చిన్న శిల్పము నేటికిని ఆ నదీతీరమున నున్నది. లోకమున ఆహారమును, భక్షకుని కలుపునది ఆకలి. అచట ఒక ముహూర్తకాలము ఆకలి తప్పుకొనినది.

మూడవ స్థానము పైన. అచట నిలిచినవాడు శ్రీకృష్ణుడొక్కడే. కాళియుని పడగలపై నృత్యము చేసినపిదప ఆ విషధరుని ఆయన చంపలేదు. మడుగు విడిచి సముద్రమునకు పొమ్మనెను. తన పాదచిహ్నము పడగలపై నున్నందున గరుడుడు ఇకమీద బాధింపడని అభయము గూడ నొసగెను. నాగుపడగపై కనబడు గుర్తు ఆ పాదముద్రయే యని పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. శాస్త్రజ్ఞుడు ఆ గుర్తును శత్రువును బెదరించు కన్నుగ చెప్పవచ్చును. పల్లెవాసి దానిని ‘చంపవద్దు’ అను ఆజ్ఞగ చదివెను. ఎన్ని పాముల ప్రాణములను ఆ చదువు కాచినదో!

ఆజ్ఞ తెలిసినను ఆరాధన దారి తప్పవచ్చును. కార్తిక శుద్ధ చవితినాడు ఆంధ్రదేశమున పుట్టలో పాలు పోయుదురు. తెలంగాణమున శ్రావణ పంచమినాడు. పుట్ట కడకు పోయి నమస్కరించుటలో దోషము లేదు. కాని పాలు పాముకు ఆహారము కాదు. పండుగ వచ్చుచున్నదని కొందఱు పాములను పట్టి, కోఱలు పెఱికి, నోరు కుట్టి, దినములతరబడి నీరు లేక ఉంచి, ఇంటింటికి తెచ్చెదరు. దాహముచేత అది త్రాగిన పాలను చూచి భక్తులు దేవుడు స్వీకరించెనని సంతసింతురు. ఆ పాములలో చాల పండుగ పిదప చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నేరముగ పరిగణించుచున్నది. పడగకు పసుపు పూయు చేతికి ఆ నోటి కుట్లు కనబడకుండుట శోచనీయము.

చెన్నపట్టణమునకు దక్షిణమున, సముద్రతీరమునగల వడనెమ్మేలిలో వేఱొక విధమైన సంబంధము నడచుచున్నది. తరతరములుగ పాములను పట్టి జీవించిన ఇరులజాతివారికి, తోళ్ల వ్యాపారము నిషిద్ధమైన పిదప జీవనము పోయినది. 1978లో వారు సహకారసంఘముగ నేర్పడిరి. పొలములలో దొరకిన నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి జాతులను తెచ్చి మట్టికుండలలో ఉంచి, గుడ్డతో మూతి కట్టిన గాజుపాత్ర అంచును కఱపించి విషము తీయుదురు. ఆ విషమును స్వల్పమాత్రలుగ గుఱ్ఱముల కెక్కించి, వాని రక్తమునుండి తీసిన సారమే ఆసుపత్రులలో వాడు విఱుగుడు. 2023లో ఆ జాతికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ అను వారికి భారతప్రభుత్వము పద్మశ్రీ నొసగినది. పాము ఒక్కొక్కటి కుండలో నుండునది కొన్ని వారములు మాత్రమే. విషము తీయుట ముగిసినపిదప, మరల అదే పాము పట్టుబడినచో తెలియుటకై పొట్టయందలి పొలుసుపై చిన్న గుర్తు పెట్టి, జనసంచారము లేనిచోట కుండ మూత విప్పుదురు. అది కొంతసేపు పడగెత్తి నిలుచును. పట్టినవాడు ప్రక్కకు తొలగి దారి యిచ్చును. ఎముకలు వెనుకకు ఒదిగి మెడ సన్నమగును, పాము పొదలలోనికి పోవును.